ఈస్ట్ హామ్ గది, స్ట్రాట్‌ఫర్డ్ గది: లండన్ నేర పటం చదవడంపై ఒక కేస్ స్టడీ

ఏటా సెప్టెంబరు, జనవరి ఇన్‌టేక్‌ల ముందు దాదాపు ఒకే మూసలో వచ్చే కేసు ఇది. అబ్బాయికి స్ట్రాట్‌ఫర్డ్‌లో సీటు వచ్చింది. చేతిలో రెండు గదులున్నాయి. ఒకటి ఈస్ట్ హామ్ స్టేషన్‌కి ఐదు నిమిషాల నడకలో, హై స్ట్రీట్ నార్త్ పక్క సందులో. రెండోది స్ట్రాట్‌ఫర్డ్ స్టేషన్‌కి ఆనుకుని, వెస్ట్‌ఫీల్డ్ షాపింగ్ సెంటర్‌కి కూతవేటు దూరంలో. ఖమ్మంలోనో గుంటూరులోనో ఉన్న తల్లిదండ్రులు బ్రిటన్ పోలీసుల నేర పటం ఉండే సైట్ పోలీస్ డాట్ యూకే తెరిచి, రెండు చోట్ల మ్యాప్ స్క్రీన్‌షాట్లు తీసి పంపుతారు. స్ట్రాట్‌ఫర్డ్ వైపు గుండ్రంలో పెద్ద అంకె, ఈస్ట్ హామ్ వైపు చిన్న అంకె. ఈస్ట్ హామ్ ఖాయం చేసేయమంటారా అన్నది ప్రశ్న.

ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి తేల్చడం పప్పులో కాలేయడమే. ఈస్ట్ హామ్ చివరికి సరైన నిర్ణయమే కావచ్చు, కానీ ఆ అంకె చెప్పిన కారణంతో కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఏ ఊరి గదికైనా ఇదే పద్ధతి పనికొస్తుంది కాబట్టి వివరంగా రాస్తున్నాం.

చుక్క పడిన చోటు, నేరం జరిగిన చోటు

సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే ఆ ప్రాంతం చూసే పోలీసు బృందం పేజీ వస్తుంది, అక్కడి నుంచి క్రైమ్ మ్యాప్‌కి వెళ్ళొచ్చు. దూరం నుంచి చూస్తే అంకెలున్న గుండ్రాలు, జూమ్ చేసేకొద్దీ అవి విడిపోతాయి. చివర మిగిలిన చుక్క నొక్కితే ఫలానా వీధి "మీద లేదా దగ్గర" అని కనిపిస్తుంది. ఆ "లేదా దగ్గర" అన్న ముక్క దగ్గరే ఆగాలి.

బాధితుల ఇల్లు బయటపడకుండా నేరం అసలు స్థానాన్ని ప్రచురించరు. దేశమంతా కలిపి దాదాపు ఏడున్నర లక్షల పటబిందువుల జాబితా ఒకటి ముందే తయారై ఉంది. ఎక్కువ బిందువులు వీధి నడిమధ్యన ఉంటాయి. మిగిలినవి పార్కు, విమానాశ్రయం, షాపింగ్ సెంటర్, నైట్‌క్లబ్ లాంటి చోట్ల. ప్రతి బిందువు పరిధిలో కనీసం 8 చిరునామాలు ఉండాలి, లేదా ఒక్కటీ ఉండకూడదు. జరిగిన ప్రతి నేరాన్నీ దానికి అన్నిటికన్నా దగ్గరున్న బిందువు మీదకు జరిపేస్తారు. సందు చివరి ఇంట్లో దొంగలు పడితే చుక్క సందు మధ్యలో కనిపిస్తుంది. సందులో ఉన్నవి ఐదారు ఇళ్ళే అయితే దానికి సొంత బిందువే ఉండదు, చుక్క పక్క వీధికి పోతుంది.

2011 ఫిబ్రవరి మొదట్లో ఈ పటం మొదలైన రోజే జనం ఎగబడి సైట్ కూలిపోయింది. అంతకన్నా గుర్తుంచుకోవాల్సింది పోర్ట్స్‌మత్‌లోని సర్రీ స్ట్రీట్ సంగతి. 2010 డిసెంబరు లెక్కలో ఆ చిన్న వీధికి 136 ఘటనలు చూపించి, దేశంలోనే అతి ఘోరమైన వీధుల్లో ఒకటిగా పత్రికలకు ఎక్కించింది మ్యాప్. ఉన్నదల్లా ఒక పబ్బు, కార్ పార్కింగ్, కొన్ని ఫ్లాట్లు. అలాంటి వీధిలో ఒక్క నెలలో అంత ఎలా అని అక్కడివాళ్ళు తెల్లబోయారు. తర్వాత పద్ధతి మెరుగుపడింది. అయినా చుట్టుపక్కలవి ఒక్క బిందువు మీద కుప్పపడడం నేటికీ ఉంది, ఉండేలా కట్టిందే అది.

అందుకే "మా ఇంటి ముందు 3 నేరాలు" అనే వాక్యం ఈ మ్యాప్ నుంచి రాయకూడదు. వీధి స్థాయి కన్నా ఒక మెట్టు పైకి వెళ్ళి, నాలుగైదు వీధుల గుత్తి మీద మాట్లాడితేనే లెక్క నిలబడుతుంది.

మైలు వలయం కాదు, నడక వలయం

మ్యాప్ పేజీ చూపించే సరిహద్దు పోలీసు బృందం పరిధిది, మన నడకది కాదు. ఈ రెండు గదులూ ఉన్న బరో (లండన్ స్థానిక పాలన ప్రాంతం) న్యూహామ్‌లో వార్డులే 2022 మే ఎన్నికలతో 20 నుంచి 24 అయ్యాయి. వార్డు పేరు పట్టుకుని 2021తో 2023ని పోల్చితే పొలం గట్టు జరిపి దిగుబడి పోల్చినట్టుంటుంది.

పోలీసుల డేటా సైట్ ఇచ్చే ఏపీఐలో, అంటే ప్రోగ్రామ్‌తో డేటా అడిగే మార్గంలో, అక్షాంశం, రేఖాంశం ఇస్తే చుట్టూ ఒక మైలు లోపలివన్నీ వస్తాయి. సులువే కానీ ఒక మైలు వలయం అంటే 8.1 చదరపు కిలోమీటర్లు. న్యూహామ్ మొత్తం 36 చదరపు కిలోమీటర్లే. గది గురించి అడిగితే బరోలో ఐదో వంతుకు పైగా జవాబుగా వస్తుంది. దాని బదులు "పాలీ" అనే పరామితిలో మన సొంత హద్దు ఇవ్వాలి. ఐదు నిమిషాల నడక సుమారు 400 మీటర్లు, కాబట్టి అటూ ఇటూ 400 చొప్పున 800 మీటర్ల చదరం సరిపోతుంది.

లండన్ అక్షాంశం దగ్గర 0.001 డిగ్రీ ఉత్తర దక్షిణాలుగా 111 మీటర్లు, తూర్పు పడమరలుగా 69 మీటర్లే. కాబట్టి 400 మీటర్లకు అక్షాంశంలో 0.0036, రేఖాంశంలో 0.0058. హైదరాబాద్‌లో ఈ తేడా అంతగా తెలియదు, అక్కడ తూర్పు పడమరలకూ 106 మీటర్లు వస్తుంది. ఆ అలవాటుతో రెండు వైపులా 0.0036 వేస్తే లండన్‌లో చదరం నిలువు పట్టీ అయిపోతుంది.

గది చిరునామా రాయకూడదు కాబట్టి స్టేషన్లనే కేంద్రంగా చూపిస్తున్నాం. ఈస్ట్ హామ్ స్టేషన్ 51.5394, 0.0518. చదరం హద్దులు అక్షాంశం 51.5358 నుంచి 51.5430, రేఖాంశం 0.0460 నుంచి 0.0576. నాలుగు మూలలనూ "అక్షాంశం కామా రేఖాంశం" చొప్పున రాసి, మధ్యలో కోలన్ పెట్టాలి. మొదటి మూలను చివర మళ్ళీ రాయనక్కర్లేదు, అదే మూసుకుంటుంది. తేదీ 2024-05 లాగా సంవత్సరం, నెల. తేదీ ఇవ్వకపోతే తాజా నెల వస్తుంది. ఒక అభ్యర్థనకు 10,000 నేరాలు దాటితే 503 అనే పొరపాటు సంకేతం వస్తుంది, ఈ సైజు చదరానికి ఆ బాధ లేదు. 12 నెలలకు 12 సార్లు అడగాలి.

స్ట్రాట్‌ఫర్డ్ దగ్గర ఒక గొయ్యి ఉంది. ఆ స్టేషన్ 51.5416, మైనస్ 0.0033. గ్రీనిచ్ సున్నా రేఖ ఆ పక్క నుంచే పోతుంది కాబట్టి మన చదరం పడమటి హద్దు మైనస్ 0.0091, తూర్పు హద్దు ప్లస్ 0.0025. ఆ మైనస్ మర్చిపోయి 0.0091 అని కొడితే చదరం మొత్తం స్టేషన్‌కు తూర్పుకు జారుతుంది. 460 మీటర్ల వెడల్పు ముక్క మిగులుతుంది, స్టేషనూ పోతుంది, వెస్ట్‌ఫీల్డూ పోతుంది. స్ట్రాట్‌ఫర్డ్ ఒక్కసారిగా ప్రశాంతమైన ఊరైపోతుంది! పొరపాటు సందేశం ఏదీ రాదు. బర్మింగ్‌హామ్ విషయంలో మైనస్ మర్చిపోతే చదరం లోవెస్టాఫ్ట్ అవతల సముద్రంలో పడి ఖాళీ జాబితా వస్తుంది, తప్పు వెంటనే తెలుస్తుంది. తూర్పు లండన్‌లో మాత్రం తప్పు కూడా నిజంలా కనిపిస్తుంది. చదరాన్ని ముందు మామూలు మ్యాప్ మీద గీసి చూసుకున్నాకే అడగాలి.

ఫైళ్ళతో పని

కోడ్ రాయనివాళ్ళు డేటా డాట్ పోలీస్ డాట్ యూకేలో నెలలు, పోలీసు విభాగాలు టిక్ పెట్టి సీఎస్‌వీ ఫైళ్ళు దింపుకోవచ్చు. ఒక్కో వరుసలో క్రైమ్ ఐడీ, నెల, ఎవరు నమోదు చేశారు, ఎవరి పరిధి, రేఖాంశం, అక్షాంశం, వీధి, ఎల్‌ఎస్‌ఓఏ (అదేమిటో కింద చెప్తాం) కోడ్, దాని పేరు, నేరం రకం, చివరి ఫలితం, కాంటెక్స్ట్ ఉంటాయి. ఇందులో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. ఏపీఐలో దీనికి తలకిందులు. తారుమారైతే ఈస్ట్ హామ్ నేరాలన్నీ సోమాలియా తూర్పున హిందూ మహాసముద్రంలో తేలుతాయి.

మెట్రోపాలిటన్ పోలీసుల ఒక్క నెల ఫైలే పదుల వేల వరుసలు. ఏడాదంతా ఒకే షీట్‌లో అతికిస్తే ఎక్సెల్ పరిమితి 10,48,576 దాటి, చివరి నెలలు తెగిపోయే ప్రమాదం ఉంది. ప్రతి నెల ఫైలునూ విడిగా తెరిచి, ఎల్‌ఎస్‌ఓఏ పేరు "న్యూహామ్"తో మొదలయ్యే వరుసలు వడకట్టి, ఆ తర్వాతే కలపాలి.

ఎల్‌ఎస్‌ఓఏ అంటే జనాభా లెక్కల చిన్న ముక్క, 1,000 నుంచి 3,000 మంది ఉంటారు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2021 లెక్కల ప్రకారం 35,672 ఉన్నాయి. ఆ వరుసలో రాసిన ఎల్‌ఎస్‌ఓఏ నేరం జరిగిన చోటుది కాదు, చుక్క పడిన చోటుది. పెద్ద రోడ్లు తరచూ ఈ ముక్కలకు సరిహద్దులుగా ఉంటాయి, కాబట్టి రోడ్డుకు ఒక పక్కన జరిగింది అవతలి ముక్క ఖాతాలో పడొచ్చు. హై స్ట్రీట్ లాంటి రోడ్డు పక్కన గది అయితే రెండు వైపుల ముక్కలనూ కలిపే లెక్కేయాలి.

చాలామంది చేసే తప్పు ఇంకొకటి. డూప్లికేట్లు తీసేద్దామని క్రైమ్ ఐడీ మీద "రిమూవ్ డూప్లికేట్స్" నొక్కుతారు. యాంటీ సోషల్ బిహేవియర్ (వీధిలో అల్లరి) వరుసలకు క్రైమ్ ఐడీ ఉండదు. ఆ ఖాళీలన్నీ ఒకేలా కనిపించి, ఒక్క వరుస మిగిలి మిగతావన్నీ ఎగిరిపోతాయి. ఆ ఏరియాలో అల్లరే లేదని రిపోర్టు రాసేస్తారు.

స్టేషన్లలో జరిగేవి రైల్వే పోలీసులైన బ్రిటిష్ ట్రాన్స్‌పోర్ట్ పోలీసుల (బీటీపీ) ఫైల్లో ఉంటాయి. మెట్రోపాలిటన్ ఫైలు ఒక్కటే దింపితే స్టేషన్ ప్లాట్‌ఫాం మీద పోయిన ఫోన్లేవీ లెక్కలోకి రావు. ఏపీఐలో రెండూ కలిసే వస్తాయి, స్థానం రకం అన్న చోట "ఫోర్స్" అనో "బీటీపీ" అనో ఉంటుంది.

సొంత మ్యాప్ గీసేవాళ్ళకు ఒక మాట. ఒకే బిందువు మీద 30 నేరాలున్నా కోఆర్డినేట్లు ఒక్కటే, చుక్క ఒక్కటే కనిపిస్తుంది. బిందువు వారీగా పివట్ చేసి, అంటే ఒక్కో బిందువు మీద ఎన్నున్నాయో లెక్కగట్టి, సంఖ్యను బట్టి గుండ్రం సైజు పెంచాలి. గూగుల్ మై మ్యాప్స్‌లో ఒక లేయర్‌కు 2,000 వరుసలే పడతాయి, అందుకే క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్ మేలు.

ఖాళీ అంటే సున్నా అనుకోకూడదు. ఐటీ వ్యవస్థ మారడంతో గ్రేటర్ మాంచెస్టర్ పోలీసుల డేటా 2019 జూలై నుంచి రావడం ఆగింది. ఆ తర్వాతి నెలల్లో మాంచెస్టర్ మ్యాప్ తెరిస్తే రైల్వే పోలీసుల చుక్కలే కనిపించాయి. మన పిల్లలు బాగా వెళ్ళే ఊరే అది. డేటా సైట్‌లో చేంజ్‌లాగ్ పేజీ ఉంటుంది, ఏ విభాగం ఏ నెల ఇవ్వలేదో అందులో రాస్తారు. మొదట చదవాల్సిన పేజీ అదే. స్కాట్లండ్ ఈ సైట్‌లో లేదు, గ్లాస్గోకి వెళ్ళేవాళ్ళకు రైల్వే పోలీసుల లెక్క తప్ప ఏమీ దొరకదు.

ఏ నేరం, ఎవరికి

మొత్తం 14 రకాలు. గది వెతికే విద్యార్థికి అన్నీ అక్కర్లేదు. షాప్‌లిఫ్టింగ్ తీసి పక్కన పెట్టాలి, అది దుకాణదారుడి తలనొప్పి. వెస్ట్‌ఫీల్డ్ లాంటి చోట గుండ్రాన్ని ఉబ్బించేది ముఖ్యంగా ఇదే. "అదర్ థెఫ్ట్"లో ఉద్యోగి చేసిన దొంగతనం, పెట్రోలు కొట్టించుకుని డబ్బివ్వకుండా పోవడం కూడా కలుస్తాయి, కనుక దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు.

చూడాల్సింది బర్గ్లరీ (ఇంట్లో చొరబడి దొంగతనం), రాబరీ, "థెఫ్ట్ ఫ్రమ్ ద పర్సన్". చివరి రెండింటి మధ్య గీత సన్నం. బైక్ మీద వచ్చి చేతిలోని ఫోన్ లాక్కుపోతే అది సాధారణంగా థెఫ్ట్ ఫ్రమ్ ద పర్సన్. తోసి, కొట్టి, బెదిరించి తీసుకుంటే రాబరీ. రాబరీ తక్కువుందని ఫోన్ భద్రం అనుకోవడం పొరపాటు, రెండూ కలిపి చూడాలి. సైకిల్ కొనే ఆలోచన ఉంటే బైసికిల్ థెఫ్ట్ కూడా.

"వయొలెన్స్ అండ్ సెక్సువల్ అఫెన్సెస్" దగ్గరే తల్లిదండ్రులు ఎక్కువ భయపడతారు. ఆ ఒక్క డబ్బాలో హత్య నుంచి దెబ్బ తగలని తోపులాట దాకా, వేధింపుల నుంచి బెదిరింపు మెసేజ్‌ల దాకా అన్నీ ఉన్నాయి. ఇళ్ళ నాలుగ్గోడల మధ్య జరిగేదీ అందులోనే. నివాస వీధిలో ఈ చుక్కలు కనిపిస్తే రోడ్డు మీద ఎవరో మీద పడుతున్నారని అర్థం కాదు. పైగా ఈ అంకె కాలంతో పెరిగితే హింసే పెరిగిందనీ చెప్పలేం. 2014 నవంబరులో పోలీసు తనిఖీ సంస్థ హెచ్‌ఎంఐసీ, ఫిర్యాదు వచ్చిన నేరాల్లో 19 శాతం, హింస నేరాల్లోనైతే 33 శాతం పోలీసులు అసలు నమోదే చేయలేదని అంచనా కట్టింది. అదే ఏడాది జనవరిలో పోలీసు నేర లెక్కలకు "జాతీయ గణాంకాలు" అన్న ముద్ర తీసేశారు. తర్వాత నమోదు గట్టిపడింది, అంకెలు పెరిగాయి. 2013కీ 2018కీ మధ్య హింస గ్రాఫ్ గీసి భయపడేవాళ్ళు ముందు ఇది తెలుసుకోవాలి. 2013 మే నుంచి నేరాల విభజన కూడా మారింది, అంతకు ముందు నెలలతో రకాల వారీ పోలిక పెట్టుకోకపోవడమే మంచిది.

మ్యాప్‌లో లేనిది ఒకటుంది. గది చూడకుండానే డిపాజిట్ కట్టించుకుని మాయమయ్యే మోసాలకు చుక్క ఉండదు, ఫ్రాడ్ ఈ 14 రకాల్లోనే లేదు. ఖమ్మంలో కూర్చుని బర్గ్లరీ లెక్క చూస్తున్న సమయంలోనే వాట్సాప్‌లో అకౌంట్ నంబరు వస్తుంటుంది.

తలసరి లెక్క ఎక్కడ విరుగుతుంది

జనాభాతో భాగించడం బాగానే కనిపిస్తుంది. కానీ భాగించేది అక్కడ పడుకునే జనంతో, నేరం జరిగేది అక్కడ తిరిగే జనానికి. లండన్ నడిబొడ్డున ఆఫీసుల ప్రాంతమైన సిటీ ఆఫ్ లండన్‌లో 2021 జనాభా లెక్కల్లో నివాసులు 9 వేల లోపే, పనికి వచ్చేవాళ్ళు లక్షల్లో. అక్కడ తలసరి నేరం లెక్కేస్తే లోకంలో అంత ప్రమాదమైన చోటు లేదనిపిస్తుంది. స్ట్రాట్‌ఫర్డ్ స్టేషన్ చుట్టూ ఇదే రోగం, మోతాదు తక్కువ. ఈ కేసులో తలసరి లెక్క బర్గ్లరీకి మాత్రమే వేశాం, అదీ జనంతో కాదు, ఎల్‌ఎస్‌ఓఏలోని ఇళ్ళతో. ఫోన్ దొంగతనాలకు తలసరి వేయలేదు, వేసినా అర్థం లేదు.

చిన్న అంకెలతో ఇంకో చిక్కు. ఒక ముక్కలో ఏడాదికి 9 బర్గ్లరీలు, పక్క ముక్కలో 14 అనుకుందాం. 9కి వర్గమూలం 3, దానికి రెట్టింపు 6, అంటే 3 నుంచి 15 దాకా ఊగడం కేవలం అదృష్టం వల్ల కూడా జరుగుతుంది. 14 ఆ ఊపులోనే ఉంది. ఆ రెండింటిలో ఏది మంచిదో ఈ లెక్క చెప్పదు. ఒక్క నెల చూసి "ఈ నెల రెట్టింపైంది" అనడం మరీ అన్యాయం, ఒకటి రెండైనా రెట్టింపే. కనీసం 12 నెలలు కలపాలి, పోలిస్తే నిరుటి అదే నెలలతో పోల్చాలి. డేటా దాదాపు రెండు నెలలు ఆలస్యంగా వస్తుంది, కాబట్టి సెప్టెంబరులో దిగేవాడు చూస్తున్నది వేసవి మొదటి లెక్క.

ఈ కేసు ఎటు తేలుతుంది

రెండు చదరాలనూ 12 నెలలకు రకాల వారీగా విడగొట్టాక ముందు తేలేది, స్ట్రాట్‌ఫర్డ్ పెద్ద అంకెలో దుకాణాల వాటా తీసేయాలి. రెండోది, మిగిలిన ఫోన్ దొంగతనాలు, రాబరీలు స్టేషన్, షాపింగ్ సెంటర్ చుట్టూ ఉన్న బిందువుల మీదే గుమిగూడతాయి.

కాలేజీ స్ట్రాట్‌ఫర్డ్‌లో ఉంది. ఈస్ట్ హామ్‌లో గది తీసుకున్నా రోజూ డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కి, వెస్ట్ హామ్‌లో జూబిలీకి మారి, ఆ స్ట్రాట్‌ఫర్డ్ స్టేషన్‌లోనే దిగాలి. తల్లిదండ్రులు తప్పించుకుందామనుకున్న చుక్కలు ఏ గది తీసుకున్నా అబ్బాయి దారిలోనే ఉంటాయి. ఈస్ట్ హామ్ స్టేషన్ ముందరి చుక్కలు అదనంగా చేరతాయి. రెండు గదుల మధ్య నిజంగా తేడా చేసేవి రెండే: రాత్రి గుమ్మం దగ్గర బర్గ్లరీ, స్టేషన్ నుంచి ఇంటికి నడిచే ఆ ఐదు నిమిషాలు. మొదటిదానిలో తేడా పై వర్గమూలం ఊపు లోపలే ఉంటే దాన్ని వదిలేసి అద్దె, ప్రయాణ ఖర్చు చూసుకోవడమే న్యాయం. ఊపు దాటితేనే అది వాదనకు పనికొస్తుంది. రెండోదానికి మ్యాప్ జవాబు చెప్పలేదు, ఎందుకంటే అందులో నెల ఉంటుంది గానీ తేదీ లేదు, గంట అసలే లేదు. పగలు మూడింటి దొంగతనమూ రాత్రి పదకొండింటి దొంగతనమూ ఒకే చుక్క.

హైదరాబాద్‌లో ఇల్లు వెతుకుతూ ఇలాంటి మ్యాప్ ఏదని అడిగేవాళ్ళూ ఉన్నారు. అక్కడ ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) ఏటా ఇచ్చే లెక్క జిల్లా, కమిషనరేట్, పెద్ద నగరం స్థాయిలో ఆగిపోతుంది. మియాపూర్‌నీ మలక్‌పేటనీ దానితో పోల్చలేం.

కుటుంబానికి పంపిన సూచన క్లుప్తం. గది ఖాయం చేసే ముందు, ఆ ఊళ్ళో ఉన్న సీనియర్ ఎవరినైనా రాత్రి పదిన్నరకు స్టేషన్ నుంచి ఆ గుమ్మం దాకా నడిచి వీడియో తీయమనండి, దీపాలు, మూసేసిన షాపులు, ఎదురయ్యే జనం కనిపిస్తారు. గది కింది అంతస్తా, వెనక సందుకు కిటికీ ఉందా, వీధి తలుపు తాళం ఎంతమంది దగ్గర ఉంది అడగండి. పోస్ట్‌కోడ్ కొట్టినప్పుడు వచ్చిన పోలీసు బృందం పేజీలో ఆ ప్రాంతానికి పెట్టుకున్న ప్రాధాన్యాలు, స్థానిక సమావేశాల వివరాలు ఉంటాయి, అవి చదవండి. స్ట్రాట్‌ఫర్డ్ స్టేషన్ బయటికి వచ్చేటప్పుడు ఫోన్ జేబులో ఉండాలి, దారి ముందే చూసుకోవాలి, ఏ గది తీసుకున్నా సరే. డిపాజిట్ మాత్రం ఎవరో ఒకరు లోపలికి వెళ్ళి గది చూశాకే కట్టండి.